ముక్కు తిరిగిన వైపే చూపు

నాకు దగ్గరి చూపు తగ్గిందని మా ఇంట్లో అందరికంటే చివర తెలుసుకున్నది నేనే.

తమిళసీమలోని ధర్మపురిలో మా ఇంటి ముందుగదే నా కుట్టు అంగడి. పెళ్లైన కొత్తలో మా అత్త కొనిచ్చిన తొక్కుడు మిషనుతో మొదలుపెట్టి ఇప్పుడు కరెంటు మిషను దాకా వచ్చాను. జాకెట్లే నా పని. ఒకప్పుడు వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ, సూదివైపు సరిగా చూడకుండానే దారం ఎక్కించేదాన్ని. నలభై ఐదు దాటాక ఆ దారం సూది పక్కనుంచి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. మొదట దారాన్ని తిట్టాను. తర్వాత సూదిని తిట్టాను. ఆ తర్వాత కిటికీ ఎదురుగా మేడ కట్టి వెలుతురు ఆపినందుకు పక్కింటివాళ్లను తిట్టాను. చివరికి జాకెట్టు కోసం ఎవరు వచ్చినా, కూర్చోమని అనడానికి ముందే సూదీ దారం చేతిలో పెట్టేదాన్ని.

మా ఆయన మేనత్త కొడుకే. పెళ్లికి ముందూ బావే, ఇప్పుడూ బావే. ఎరువుల అంగడిలో పని. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు:

“నీ దగ్గరికి వచ్చేటోళ్లు తగ్గిపోయినారు. సూదికి దారం ఎక్కియ్యాల్సి వస్తాదని భయపడి రెడీమేడు జాకెట్లు కొనుక్కుంటాండారు.”

“దారం బాగలేదు బావా.”

“ఏడాదిగా బాగలేని దారం అమ్మే కంపెనీ ఇంకా యాడుంటాది? పద, కంటి డాక్టరు దగ్గరికి పోదాం.”

మా అత్త గడప దగ్గర కూర్చుని వింటోంది. ఆమెకు కిందటేడు శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ ఆమె కళ్లకు అడ్డం లేదు. గోడమీద పోయే చీమకు మీసాలున్నాయో లేవో చెప్పగలనంటుంది. “నీ కండ్లు ముసలివైపోయినాయిలే. నావి చూడు, ఇప్పుడే పుట్టినట్లుండాయి” అని నవ్వింది. ఆ మాటకే నాకు రోషమొచ్చి ఆసుపత్రికి బయలుదేరాను.

చిన్నప్పటినుంచీ దూరపు చూపుకు పలచటి అద్దాలు వాడుతున్నదాన్నే కాబట్టి గోడమీది అక్షరాలను గడగడా చదివేశాను. తర్వాత పరీక్ష చేసే ఆమె చేతికి ఒక అట్ట ఇచ్చి, ఏ భాష చదువుతారని తమిళంలో అడిగింది. అట్ట మీద మన భాషలు చాలానే ఉన్నాయి.

“తెలుగు” అన్నాను, కొంచెం గర్వంగానే. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవలేదు. చదవడం వచ్చినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. బడిలో అంతా తమిళమే అయినా మా నాన్న పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. మా బావకు ఒక్క అక్షరం రాదు.

పై వరుసలు బాగానే ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ అక్షరాల అడుగున ఉండాల్సిన వత్తులు ఒక్కొక్కటే రాలిపోయాయి. అయినా నేను తగ్గలేదు. గొంతు సవరించుకుని గట్టిగా చదివాను.

“అవ బుటలో గుడు పెటింది.”

“కరెక్టు, కరెక్టు” అంటూ ఆమె రాసుకుంది. పాపం, ఆమెకు తెలుగు రాదు.

వెనక కూర్చున్న మా బావ ముందుకు వంగాడు. “ఏమే, అది యే ఊరి తెలుగు?”

“అట్లనే రాసుండారు బావా.”

“గుడు పెటిందా?”

ఆమెకు అనుమానం వచ్చి అట్ట తిప్పి తమిళం చూపించింది. తెలుగులో అడుగున వత్తులు పోతే, తమిళంలో నెత్తిన చుక్కలు పోయాయి. ఈసారి మొదటి మాటకే దొరికిపోయాను. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం రాసిచ్చింది.

అద్దాలు తయారయ్యాక తెచ్చుకోవడానికి వెళ్తే, అంగడాయన వాటిని నా ముక్కు మీద పెట్టి, చెవుల దగ్గర సరిచేసి, తమిళంలో పాఠం చెప్పాడు. పై భాగంలో దూరం కనిపిస్తుందట, నడుమ మిషను, కింద సూది. పక్కలనుంచి చూస్తే మాత్రం అన్నీ వంకరేనట.

“కళ్లు తిప్పకండి, ముక్కు తిప్పండి. ముక్కు ఎటు తిరిగితే చూపు అటు. వారం పదిరోజులు తల తిరిగినట్టుంటుంది. ఎంత కష్టమనిపించినా పాత అద్దాలు ముట్టుకోకండి.”

బల్లమీద ఉన్న కాగితం ఒకటి తీసి చూశాను. చీమ తలకాయంత అక్షరాలు కూడా నల్లగా, నిక్కచ్చిగా నిలబడ్డాయి. ఇంత తేలికా అనుకుంటూ లేచి, ముక్కు వీధివైపు తిప్పి, బయటికి అడుగేశాను.

అంగడి ముందు మెట్టు ఎక్కడో లోతుకు పోయింది. కాలువ దాటుతున్నట్టు కాలు పైకెత్తి, దబ్బున దించాను. ఎదురుగా రోడ్డు ఒకవైపుకు ఒరిగి ఉంది. ఆటోలు నడుం వంచుకుని వస్తున్నాయి. చెయ్యి పట్టుకున్న మా బావవైపు చూస్తే మనిషి సగానికి సగం తగ్గిపోయాడు.

“బావా, నువ్వు పొట్టిగా అయిపోయినావు.”

“డాక్టరమ్మ ఇది చెప్పనే లేదే” అన్నాడు. తర్వాత ఇల్లు చేరేదాకా ఆయన నాకంటే ఒక అడుగు ముందు, కొంచెం నిక్కి నడవడం గమనించాను.

ఇంట్లో నేల అలల్లాగా లేచి పడుతోంది. నేను గడపలోంచి లోపలికి రావడం చూసి అత్త వక్క నమలడం ఆపేసింది.

“ఏమే, రాగులు ఏరే కోడి మాదిరి మెడ ఆడిస్తాండావు?”

“ముక్కు తిప్పి చూడాలంట అత్తా.”

“నేను ఆపరేషన్ అయిన మర్నాడే నేరుగా నడిచినాను. నీకేమి వచ్చింది?”

ఆ రాత్రి భోజనాల్లో చారు గ్లాసులో పోశాననుకుని పక్కన పోశాను. అత్త గ్లాసు జరిపి చారు కిందికి పెట్టింది.

అసలు కష్టం మరునాడు మిషను దగ్గర మొదలైంది. మా వీధి చివర ఉండే నర్సమ్మ చెల్లెలి నిశ్చితార్థానికి పట్టు జాకెట్టు కుట్టాలి. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. ఆ సంతోషంతో గుడ్డ పరిచి, స్కేలు పెట్టి, సుద్దతో గీత గీశాను. గీత విల్లులా వంగింది. తుడిచి మళ్లీ గీశాను. మళ్లీ వంగింది. పరీక్షగా చూస్తే స్కేలే వంగి ఉంది. స్కేలే వంగితే ఇక మనిషి ఎవరిని నమ్మాలి? నా కంటినే నమ్మి, స్కేలు పక్కన పడేసి, తిన్నగా కనిపించేదాకా చేత్తో గీత దిద్దుకుంటూ పోయాను. చివరికి చక్కటి గీత వచ్చింది. కత్తెర తీశాను.

“ఆగు!” అని అత్త మంచం మీదనుంచి అరిచింది. “అది జాకెట్టా, కొడవలా?”

అద్దాలు తీసి చూస్తే నా గీత నిజంగానే కొడవలి. కత్తెర ఇంకో క్షణం ముందు పడి ఉంటే ఆ పట్టుగుడ్డ పని ముగిసేది. నేరుగా బీరువా దగ్గరికి పోయి పాత అద్దాలు తీసి పెట్టుకున్నాను. సూది కనిపించలేదుగానీ నేల నేలలా ఉంది, స్కేలు స్కేలులా ఉంది. ప్రాణం లేచి వచ్చింది.

అప్పటినుంచి నాది రెండు వేషాల బతుకు. బావ అంగడికి పోగానే పాతవి, సాయంత్రం బండి చప్పుడు వినిపించగానే కొత్తవి. సూదికి దారం ఎక్కించే పని అత్తది. అందుకు లంచంగా ఆమెకు మధ్యాహ్నం ఇంకో విడత కాఫీ. ఈ ఒప్పందం ఇద్దరికీ బాగానే ఉండింది. కానీ ఒక సాయంత్రం బావ నడిచి వచ్చాడు. బండి టైరు పంక్చరై ఎక్కడో ఆగిందట. చప్పుడు లేదు.

“కణ్ణాడి అలవాటైందా?” అని అడిగాడు వాకిట్లోంచి.

“శానా బాగా అలవాటైంది బావా. పెట్టుకున్నట్లే లేదు.”

“అట్లనా. మరి చెవి కాడ దారం చుట్టిన కణ్ణాడి ఎవరిది?”

పాత అద్దాల కాడ విరిగితే నేనే నల్లదారం చుట్టాను. చెయ్యి దానిమీదికి పోయేసరికి ఆలస్యమైపోయింది. అత్త అప్పటికే కాఫీ గ్లాసు చీరకొంగు కింద దాచింది. బావ కోప్పడలేదు. పాత అద్దాలు నా ముక్కుమీదనుంచి మెల్లగా తీసి, చొక్కా జేబులో వేసుకుని, మరునాడు వాటిని అంగడికి తీసుకుపోయి తన బల్ల సొరుగులో పెట్టేశాడు.

ఇక వేరే దారి లేదు. కంటిని నమ్మడం మానేసి స్కేలును నమ్మాను. గీత వంగినట్టు కనిపిస్తున్నా, వంగలేదని నాకు నేను చెప్పుకుంటూ, దాని వెంట వేలు పెట్టి తడుముకుంటూ కత్తిరించాను. ముక్కు కత్తెర వెంబడే తిప్పాను. జాకెట్టు తిన్నగానే వచ్చింది. కుట్టేసరికి మెడ పట్టేసి, రెండు రోజులు అత్తే నూనె రాసింది.

మెడ నొప్పి తగ్గీ తగ్గకముందే అత్త తన మొక్కు బయటికి తీసింది. కళ్లు బాగుపడితే తీర్థమలై కొండెక్కి వస్తానని ఆపరేషన్‌కు ముందే అనుకుందట. ఎండలు, వానలు, చుట్టాల పెళ్లిళ్లు అడ్డం వచ్చి ఇన్నాళ్లూ కుదరలేదు. ఈ ఆదివారం పోవాలంటుంది. బావకు వానాకాలం అమ్మకాలు, ఆదివారమైనా అంగడి తెరవాల్సిందే.

“వచ్చే నెల పోదాం అత్తా. ఈ అద్దాలతో నాకు గడప దాటడమే కష్టంగా ఉండాది. మెట్లు ఎట్ల ఎక్కేది?”

“నా కండ్లు వచ్చినాయని మొక్కు. నీ కండ్ల కోసరం నేను ఆగల్లనా? సామికి ఏమని చెప్పేది?”

ఆదివారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి, అరూరులో మారి, తీర్థమలై చేరాం.

ఎక్కడం నేను భయపడినంత లేదు. మెట్టు కళ్లెదుటే ఉంటుంది, ముక్కు దానివైపే ఉంటుంది. అత్త నాకంటే ముందు, మోకాళ్ల మీద చేతులాన్చి, ఒక్కో మలుపులో ఆగి, అవిగో కోతులు, అదుగో బస్సు, అక్కడెవరో ఆకుపచ్చ చీరామె అని కొండ కింద ఉన్నవన్నీ నాకు చూపిస్తూ పోయింది. పైన రాతిమీదనుంచి పడే తీర్థం కింద ఇద్దరం తలలు పెట్టాం. అద్దాలు తడవకుండా పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. చల్లటి నీళ్లకు ఒళ్లు ఝల్లుమంది. గుళ్లో అత్త చాలాసేపు కళ్లు మూసుకోకుండా దేవుణ్ణే చూస్తూ నిలబడింది. కళ్లిచ్చినందుకు వచ్చి కళ్లు మూసుకుని మొక్కితే ఏం బాగుంటుందని తర్వాత నాతో అంది.

దిగడం మొదలుపెట్టాక తెలిసింది నా సంగతి. మెట్టు చూద్దామని కళ్లు కిందికి దించితే చూపు అద్దం అడుగు భాగంలోంచి పోతుంది. అది సూదికోసం పెట్టిన చోటు. అక్కడినుంచి చూస్తే మెట్లన్నీ కరిగి ఒకే రాతి వాగై కిందికి పారుతున్నాయి. ఒక్క అడుగు వేసి కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. అంగడాయన మాట గుర్తు తెచ్చుకుని గడ్డం గుండెకు ఆనేదాకా తల వంచాను. అప్పుడు అద్దం పై భాగంలోంచి మెట్టు మెట్టులా కనిపించింది. తల కొంచెం ఎత్తానా, మళ్లీ వాగే.

అత్త నా వాలకం చూసి నవ్వలేదు. వచ్చి నాకంటే ఒక మెట్టు కింద నిలబడింది. “నా భుజం పట్టుకో. తల ఎత్తొద్దు. నేను చెప్తా రా.”

అట్లా దిగసాగాం. తల పూర్తిగా వంచుకుని, ఒక చెయ్యి కమ్మీమీద, ఒక చెయ్యి అత్త భుజమ్మీద పెట్టి నేను. “పడి... ఇంగో పడి... ఇది పెద్దది, మెల్లంగా” అని జపంలాగా చెబుతూ ఆమె. పడి అంటే మా దగ్గర మెట్టు. ఎదురుగా ఎక్కివస్తున్న ఒక కుటుంబం మమ్మల్ని చూసి ఆగింది. వాళ్లలో పెద్దావిడ చేతులు జోడించడం నాకు కనిపించలేదుగానీ గాజుల చప్పుడు వినిపించింది.

“వేండుదలా అమ్మా?” అని భక్తిగా అడిగింది. మొక్కా అని.

“ఆమా”, అవునంది మా అత్త, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. “తల ఎత్తగూడదు. మాట్లాడగూడదు. కిందిదాకా ఇట్లే దిగాల” అని తమిళంలో వివరించింది.

“జరగండి, జరగండి, మొక్కులో ఉన్నారు” అంటూ ఆవిడ తనవాళ్లను పక్కకు నెట్టింది. పాదాలు తప్ప నాకేమీ కనిపించడంలేదు. మెట్లకు రెండువైపులా రకరకాల పాదాలు గౌరవంగా వెనక్కి జరిగాయి. ఎవరో నా నుదుట కుంకుమ పెట్టారు. ఎవరో జాకెట్టు పట్టుకుని కొంచెం ఆపి, తలలో మల్లెపూలు తురిమారు. కమ్మీమీద ఉన్న చేతిలో ఒక అరటిపండు వచ్చి చేరింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. నవ్వితే కాలు తప్పుతుంది. పెదవి కొరుక్కుని ఆపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి ఎవరో “పావం, ఎంత భక్తి” అన్నారు.

ఆ గుంపు దాటాక గుసగుసగా అడిగాను. “కొండమీద అబద్ధం చెప్పొచ్చునా అత్తా?”

“అబద్ధం యాడుంది? తల ఎత్తితే పడతావు. మాట్లాడితే పడతావు. ఉండేదే చెప్పినాను. నోరు మూసుకుని రా.”

సగం దూరం దిగాక మా వెనక ఇంకో జత అడుగులు మా అడుగులతో కలిసి పడుతున్నట్టు అనిపించింది. నేను ఆగితే ఆగుతున్నాయి. అత్త వెనక్కి చూసి, “నీకు తోడొచ్చినాది” అంది. ఎవరో అమ్మాయి. చేతులు జోడించి, గడ్డం గుండెకు ఆనించి, నాలాగే దిగుతోందట.

ఎక్కడో ఒక మలుపు దాటాక మెట్లు కదలడం ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. తల కొంచెం ఎత్తి చూశాను, మెట్టు అక్కడే ఉంది. ఇంకొంచెం ఎత్తాను, ఉంది. అత్త మాత్రం “ఇంగో పడి” అంటూనే ఉంది. ఎముకలు తగిలే ఆమె భుజం నా అరచేతి కింద మెట్టు మెట్టుకూ కదులుతోంది. నాకు కనిపిస్తోందని చెప్పబోయి మళ్లీ తల వంచేసి, కొండ అడుగుదాకా ఆ భుజం అట్లాగే పట్టుకుని దిగాను.

కింద అరుగుమీద కూర్చుని అరటిపండు చెరిసగం తింటుంటే ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. మెడ రుద్దుకుంటూ తమిళంలో అడిగింది.

“అక్కా, మీరేమి కోరుకున్నారు?”

“చూపు” అన్నాను. అదీ అబద్ధం కాదు.

“నేను సర్కారు పరీక్ష పాసవ్వాలని కోరుకున్నాను” అని, నా కాళ్లకు దండం పెట్టబోయింది. కంగారుగా లేపి, బాగా చదువుకోమని చెప్పి పంపాను. ఆ అమ్మాయి కనుమరుగయ్యాక అత్తా నేనూ నవ్విన నవ్వుకు పక్కనున్న టెంకాయల అంగడామె మమ్మల్ని వింతగా చూసింది.

తిరుగుబస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. అత్త చెయ్యి ముందు సీటు కమ్మీమీద, సరిగ్గా నా అద్దాల అడుగు భాగానికి ఎదురుగా ఉంది. ఆ ముంజేతిమీద పచ్చబొట్టు నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. తేలు. చిన్నతనంలో ఆ తేలుకు భయపడి ఆమె ఎడమచేత్తో పెడితేనే అన్నం తినేదాన్నట. ఇప్పుడు దగ్గరగా చూస్తే తేలుకు ముక్కు ఉంది. నెత్తిన కుచ్చు ఉంది.

“అత్తా, ఇది తేలు కాదా?”

“తేలేంటికి అయితాది? నెమలి.”

“నెమలా?”

“మా పుట్టింట్లో, అదియమాన్‌కోట్టైలో, పచ్చబొట్టు పొడిచే ఆమె వచ్చినప్పుడు మీ అవ్వ పట్టుకుని కూర్చోబెట్టింది. తల అయింది, మెడ అయింది, ఒళ్లు సగం అయింది. నొప్పి తట్టుకోలేక చెయ్యి గుంజుకుని పరిగెత్తినాను. తోక పొడవనేలేదు. మళ్లీ దొరికితే కదా నేను!”

“మరి ఇన్నాళ్లూ తేలని చెప్పితివే?”

“నేను యాడ చెప్పినాను? నువ్వు పిల్లప్పుడు తేలా అని అడిగితివి. భయపడతాంటివి. భయముంటే చెప్పిన మాట వింటావు కదా అని అవునంటిని.”

బస్సు కుదుపులకు ఆ తోకలేని నెమలి నా కళ్లముందు ఊగుతోంది. మెడకు వేసిన సన్నటి చుక్కలు కూడా విడివిడిగా కనిపించాయి. ఊరు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. అత్త చెయ్యి తీసేసుకోలేదు.

ఆ తర్వాత అద్దాల బాధ నాకు పెద్దగా లేదు. గీత గీతలా ఉంది, బావ తన ఎత్తుకు తాను తిరిగొచ్చాడు. నర్సమ్మ చెల్లెలి జాకెట్టు అతికినట్టు సరిపోయింది. అయితే ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే ముఖం సరిగా ఆనడానికి గడ్డం కొంచెం దించుతాను, ఎత్తుతాను, మళ్లీ దించుతాను. నాకది చూసుకోవడం. ఎదుటివాళ్లకు అది తల ఊపడం.

ఈ మధ్య ఒక పెళ్లింటివాళ్లు గుడ్డల మూట దించి, అన్నీ వచ్చే శుక్రవారానికి కావాలన్నారు. వాళ్లలో ఎవరు ఎవరో పోల్చుకుందామని ముఖాలు చూస్తున్నాను. “సరేనన్నారు, ఇంక బెంగ లేదు” అంటూ వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు. వెనక్కి పిలుద్దామంటే అప్పటికే ఆటో కదిలింది.

“తల ఎందుకు ఊపినావు?” అంది అత్త మూట విప్పుతూ.

“ఊపలేదత్తా, చూసినాను.”

“సరే, ఇంగ మాట్లాడి ఏం లాభం. ఆ హుక్కుల డబ్బా ఇట్లియ్యి.”

వారమంతా ఇద్దరం మిషను పక్కనే కూర్చున్నాం. శుక్రవారానికి జాకెట్లన్నీ ఇచ్చేశాం. హుక్కులు మొత్తం అత్తే కుట్టింది.